నమ్మని గింజ

రామ్‌గఢ్ క్యాంపు,
జైసల్మేరు జిల్లా,
9 సెప్టెంబరు 1981

అక్కా,

నీ ఉత్తరం ఇరవై మూడు రోజులు తిరిగి నా దగ్గరికొచ్చింది. ఈలోగా క్యాంపు రెండుసార్లు మారింది. ఇక్కడ మనుషులకే చిరునామా లేదు, ఉత్తరానికేం ఉంటుంది.

నా ఉద్యోగం ఏమిటని మీ అత్తగారు, జ్ఞానమ్మత్త, అడుగుతోందని రాసేవు. ఇలా చెప్పు. ఇసుకలో బొక్క వేస్తాం. అందులో మందు పెట్టి పేలుస్తాం. ఆ దెబ్బకి కింద రాయి ఎలా మూలిగిందో యంత్రం వింటుంది. ఆ మూలుగుని బట్టి కింద నూనె ఉందో లేదో ఆఫీసర్లు చెబుతారు. రాయి మూలుగు వినడానికి లక్షల ఖరీదు యంత్రం ఉంది. కేబులు చుట్ట భుజాన వేసుకుని రోజుకి పది మైళ్ళు నడిచేవాడు మూలిగితే వినేవాడు లేడు. మామిడికుదురు కొబ్బరితోటల్లో సర్వే చేసినప్పుడు, మీ కుర్రాళ్ళు గట్టివాళ్ళోయ్ అని మెచ్చుకుని మా ఎనిమిది మందినీ ఇక్కడికి తోలుకొచ్చేరు. రెండేళ్ళయింది. కూలీల హాజరు రాసే మస్టరు పుస్తకంలో మా పేర్లు ఇప్పటికీ పెన్సిలుతోనే ఉన్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెరిపెయ్యడానికి. నీళ్ళ ట్యాంకరు వస్తే ముందు ఆఫీసర్ల స్నానాలు, తరవాత మా గొంతులు. రాసి లాభం లేదు, కానీ రాయకపోతే నాకు అన్నం దిగదు.

అసలు సంగతికొస్తాను. సర్కారు నీ పేర ఇచ్చిన అరవై సెంట్లలో సరుగుడు మొక్కలు రెండోసారి కూడా మాడిపోయాయనీ, బావని పట్టుకుపోయిన తుఫానులో ఎక్కిన సముద్రపుప్పు ఇంకా దిగలేదనీ రాసేవు. పట్టా ఇచ్చిన మూడేళ్ళలో, అంటే 83 మార్చికల్లా, సాగులోకి తేకపోతే రద్దు చేస్తారని కరణం శ్రీరామచంద్రమూర్తి గారు చెప్పేరనీ రాసేవు. గడ్డి మొలిపించినా సాగు కిందే రాస్తానన్నారని చివర్లో ఒక ముక్క రాసేవు. ఆ ముక్క పట్టుకుని నాలుగు రోజులు ఆలోచించేను.

జూలై ఆఖరున ఇక్కడ వాన పడింది. మేం ఉన్న చోట మూడేళ్ళ తరవాత పడ్డ వానట. ఒక రాత్రీ ఒక పగలూ దంచి ఆగిపోయింది. ఎనిమిదో రోజుకి ఇసుక మీద కుక్కపిల్ల వెంట్రుకల్లాగా పచ్చ. ఇరవయ్యో రోజుకి కనుచూపు మేర ఊదారంగు, మధ్య మధ్య పల్లేరు పసుపు. గాలికి తల వాల్చే గడ్డి మోకాలెత్తు లేచింది. దాన్ని వీళ్ళు సేవణ్ అంటారు, పశువులకి పెడతారు. మొన్నటిదాకా మేం బూట్లతో తొక్కిన ఇసుకే అది. ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందని ఒంటె తోలే భూరారాంని అడిగితే ముసలాయన నవ్వేడు. "రెండేళ్ళుగా వీటి మీదే పడుకుంటున్నావు కదా" అన్నాడు.

స్టోరు చూసే సోమేశ్వరరావు గారిది రాజమండ్రి. ఆయన పెట్టెలో ఇంగ్లీషు వృక్షశాస్త్రం పుస్తకం ఉంది. అడిగితే "ఎనిమిదో క్లాసువాడివి, నీకెందుకోయ్" అన్నారు. మూడో రోజుకి ఇచ్చేరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకి అర పేజీ చదువుతున్నాను. అందులో ఉన్నది ఇది. ఎడారి గింజ పై పొట్టులో మొలకని ఆపే మందు ఉంటుంది. నాలుగు చినుకులకి అది కరగదు. వాన గట్టిగా పడి, ఆ మందంతా కడుక్కుపోతేనే గింజ లేస్తుంది. అంటే వాన ఎంత పడిందో గింజ కొలుచుకుంటుంది. అప్పుడు కూడా అన్నీ లేవవు. పల్లేరు కాయ చూడు, ఐదు ముక్కలుగా విడుతుంది. ముక్కకి రెండు మూడు గింజలు. ముందు పెద్దది లేస్తుంది. అది చస్తే చిన్నది వచ్చే ఏడు. అదీ చస్తే ఆ పై ఏడు ఇంకోటి.

ఎడారిలో పువ్వు అంటే ఓర్పు అని మన పాస్టరు గారు చెబుతారు. క్యాలెండర్ల మీద కవిత్వమూ అదే. అబద్ధం. అది ఓర్పు కాదు, అనుమానం. ఆ గింజ ఆకాశాన్ని నమ్మదు. నమ్మిన గింజలన్నీ ఎప్పుడో చచ్చేయి. ఇప్పుడున్నవి నమ్మని వాటి పిల్లలు.

మా ఎనిమిది మందిలో ఏసుదాసు జ్వరంతో ఇంటికొచ్చేస్తున్నాడు. వాడి చేత సంచీడు గింజలు పంపుతున్నాను. గడ్డిగింజ, పూలగింజ, పల్లేరు, అన్నీ కలిసే ఉంటాయి, ఇసుక ఊడ్చి జల్లించి ఎత్తేను. మంచి వాన పట్టే ముందు నేలంతా చల్లు. అంతవరకు తడి తగలనీకు. ఈ ఉత్తరంలో రాస్తున్నాను కాబట్టి వాడికేమీ చెప్పలేదు. చెబితే సగం రైల్లో మర్చిపోతాడు.

పెన్సిలు పేరుగాడు,
నీ తమ్ముడు కృపారావు


అల్లవరం దగ్గర, మన పేట,
6 అక్టోబరు 1981

ఒరేయ్ కృపా,

అత్తా కోడళ్ళం ఇద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం. ఊడ్పులయ్యేయి, ఇప్పుడు కలుపు కూలికి వెళ్తున్నాను. నువ్వు ఒళ్ళు చూసుకో. నీ కోపానికి తిండి ఎక్కువ కావాలి.

ఏసుదాసు పదిహేను రోజుల కిందటే వచ్చేడు. నీ ఉత్తరం నిన్న వచ్చింది. అందుకే ఈ తప్పు జరిగింది, ముందే చెబుతున్నాను, కేకలెయ్యకు.

వాడు సంచీ గుమ్మంలో పెట్టి "మీ తమ్ముడు విత్తనాలిచ్చేడండి" అన్నాడు. ఎలా వెయ్యాలంటే "విత్తనం ఎలా వేస్తారో మీకు తెలీదా" అన్నాడు. వాడన్నదీ నిజమే కదా. మేం మండె కట్టేం. నువ్వు ఊరు మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. వడ్లు ఒక పగలూ ఒక రాత్రీ నానేసి, గోనెలో మూటకట్టి, గడ్డి కప్పి, పైన రాయి పెడితే మూడో రోజుకి తెల్లగా మొలకలొస్తాయి. నీ గింజలకీ అదే చేసేం. మూడో రోజు విప్పితే మొలకా లేదు గిలకా లేదు.

"ఇదేం విత్తనమే సువర్ణా, చచ్చిన కప్పల వాసనేస్తోంది" అంది మా అత్త.

"ఎడారి విత్తనం అంతేనేమో అత్తా" అన్నాను.

"ఎడారిలో కప్పలెక్కడివే" అంది.

ఇంకో రెండు రోజులు చూసి పారబోసేం. సగమే పోయింది, సగం భద్రంగా ఉంది. విత్తనం ఎంత మంచిదైనా ఇంట్లో ఉన్నదంతా ఒకేసారి తడపకూడదని మా అత్త మాట. సంచీ నేను మొత్తం వంపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

ఈ వానలు వెనకపడుతున్నాయి. వచ్చే ఏరువాకకి నువ్వు చెప్పినట్టే చల్లుతాం. అయినా రాజస్థాను నుంచి పల్లేరు పంపడమేంట్రా, మనకిక్కడ లేదనా? చిన్నప్పుడు సముద్రం ఇసుకలో గెంతొచ్చి నువ్వేడుస్తుంటే నీ పాదాల్లోంచి పిన్నీసుతో పల్లేరు తీసిందెవరు?

నీ పేరు పెన్సిలుతో రాసినా నాకు చెరగదు.
మీ అక్క సువర్ణ


మోహన్‌గఢ్ క్యాంపు,
15 నవంబరు 1981

అక్కా,

మండె కట్టేరా. వారం రోజులు ఇసుకలో మోకాళ్ళ మీద పాకి ఊడ్చిన గింజలు. కంట్రాక్టరు చూసి "ఏంరా, చీమల దగ్గర దొంగతనమా" అని నవ్వేడు. వాడి నవ్వు కూడా భరించి ఎత్తిన గింజలు. మీరు వాటిని గోనెలో కుక్కి రాయి పెట్టేరు. మన కోనసీమ వాళ్ళకి ఒకటే తెలుసు, నీళ్ళు. మొలవకపోతే నీళ్ళు, మొలిస్తే నీళ్ళు, చచ్చినా నోట్లో నీళ్ళు.

ఇది రాసి రెండు రోజులు ఉత్తరం పక్కన పెట్టేను. ఇప్పుడు కోపం తగ్గింది, ఇంకోటి రాస్తాను. జ్ఞానమ్మత్త అన్న మాట సోమేశ్వరరావు గారికి చెప్పేను. ఉన్నదంతా ఒకేసారి తడపకూడదన్న మాట. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ పుస్తకం మొత్తం ఆవిడ ఒక్క ముక్కలో చెప్పిందోయ్" అన్నారు. ఎడారి గింజకి పట్టిన తెలివే మీ అత్తకి పట్టింది. ఆవిడ కూడా దేన్నీ నమ్మకుండా బతికిన మనిషే కదా.

మిగిలిన సగం జూన్లో చల్లండి. చల్లి వదిలెయ్యండి. చెయ్యి పెట్టొద్దు.

కృప


మన పేట,
18 ఆగస్టు 1982

కృపా,

ఈ ఏడు వాన ముఖం చాటేసింది. కాలవ చివరి పొలాలకి నీళ్ళు అందక నారు ఎర్రబారింది. మన ముక్క సంగతి అడక్కు.

జూన్లో తొలకరికి ముందు చల్లేం. నేనూ మా అత్తా ఎదురెదురుగా నడుస్తూ, నేలంతా ఒకే తీరున పడేలా చల్లేం. తరవాత పడ్డవి చినుకులే. ఇసుక మీద మళ్ళీ ఉప్పు పొంగి, పొద్దున్న చూస్తే ముగ్గు చల్లినట్టుంటోంది. ఒక్కటీ లేవలేదు.

నువ్వు ఊరుకోమన్నావు గాని మా అత్త ఊరుకోదు. "గింజని నేలలో పెట్టి నీళ్ళు పొయ్యకపోవడం కడుపులో బిడ్డకి తిండి పెట్టకపోవడం లాంటిదే" అంటుంది. రోజూ సాయంత్రం కాలవ లాకు దగ్గర మంచినీళ్ళు ఒక కడవ ముంచి, వంద గజాలు మోసుకొచ్చి, గట్టు పక్క మూల చిలకరిస్తోంది. నేను వద్దంటే ముసలిదానికి వేరే పనేం ఉందంటుంది.

పోయిన వారం కరణం గారు అటు వచ్చేరు. ఊరి పంటలన్నీ రాసే అడంగల్ పుస్తకం ఆయన చంకలోనే ఉంది.

"ఏమ్మా సువర్ణా, ఇంకా ఇసకేనా" అన్నారు.

"లోపల గింజలున్నాయండి" అన్నాను.

"లోపలున్నవి రాయడానికి ఇందులో గడి లేదమ్మా" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే పుస్తకం తిప్పి చూపించేరు.

పక్క కొబ్బరితోట వీర్రాజు గారు గట్టు మీద నిలబడి వింటున్నారు. "రాజస్థాను వ్యవసాయం ఎలా ఉందమ్మా" అని అడిగేరు. "ఆయ్, బాగానే ఉందండి, పైకి కనపడదంతే" అన్నాను. ఆయన నవ్వేరు. కానీ ఆయన కళ్ళు నేలని కొలుస్తున్నాయి. నేను చూసేను.

మార్చి ఏడో తారీకున పై ఆఫీసరు కూడా వచ్చి చూస్తారట. ఇంక ఏడు నెలలు లేవు. నీ పుస్తకంలో ఇంకేమైనా ఉంటే చూడు. ఇది పోతే మీ బావ పేరు చెప్పుకోడానికి నాకు నేల అంటూ ఉండదు.

అక్క


సమ్ క్యాంపు,
11 జనవరి 1983

అక్కా,

ఆలస్యానికి నేను కారణం కాదు. అక్టోబరులో మా వాళ్ళ పేర్లు ఇంకుతో రాయమని అడిగేం. అడిగిన నలుగుర్నీ నీళ్ళు లేని బావి పక్క క్యాంపుకి తోసేరు. నీ ఉత్తరం అక్కడికి రాలేదు. క్రిస్మసు తరవాత అందింది.

తప్పెక్కడుందో తెలిసింది. రోజుకొక కడవే విషం. ఆ కాసిని నీళ్ళు జానెడు లోతు దిగి, ఎండకి మళ్ళీ పైకొస్తాయి. వస్తూ వస్తూ కింద ఉన్న ఉప్పుని కూడా మోసుకొస్తాయి. అత్త ఆరు నెలలుగా గింజల నెత్తిన ఉప్పు పోస్తోంది. చెప్పు ఆవిడకి.

గింజకి కావలసింది జాలి కాదు, వరద. లెక్క వేసేను. నేలంతా అక్కర్లేదు. ఆఫీసరు గట్టు మీదినుంచి చూస్తాడు. ఆ మూల పది మంచాలు పట్టే మేర చాలు. దాని మీద నాలుగంగుళాల వాన పడినట్టు చెయ్యాలి. అది నూట ముప్పై కడవలు. మూడుసార్లు లెక్క కట్టేను, నూట ముప్పయ్యే వచ్చింది. ఒక్క రోజులో పొయ్యాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఆరిపోయి లెక్క చెడుతుంది. ఫిబ్రవరి పదికల్లా పోస్తే మార్చి ఏడుకి పచ్చబడి తీరుతుంది.

ఇద్దరు మనుషులకి ఒక రోజు పని. ఇక్కడ మేం రోజూ ఇంతకంటే ఎక్కువ మోస్తాం. ఎండనీ దూరమనీ వంకలు చెప్పకండి. మన జాతి అంతా చెయ్యి చాచి చినుకు కోసం చూసి చూసి ఇలా అయింది. ఒక్కసారి కుండపోత మనమే కురిపిద్దాం.

కృపారావు


మన పేట,
14 మార్చి 1983

కృపా,

నీళ్ళు పోసేం. మొలవలేదు.

ఏడో తారీకున వచ్చి చూసేరు. నేను అక్కడ లేను. బీడు అని రాసేరు. పట్టా రద్దు కాగితం రావడానికి ఇంకో నెల పడుతుందట. తరవాత ఆ ముక్క లీజుకి వీర్రాజు గారికిస్తారని అంటున్నారు.

నువ్వు బాగా తిను.

అక్క


సమ్ క్యాంపు,
12 ఏప్రిల్ 1983

అక్కా,

ఏడు వరసల ఉత్తరం రాసేవు. చదివి చించేద్దామనుకున్నాను.

నీళ్ళు పోసేం అంటున్నావు. ఎన్ని? పోసి ఉంటే మొలిచేది. పుస్తకం అబద్ధం చెప్పదు. నువ్వు పొయ్యలేదు. ఒక ఇరవై కడవలు పోసి, నడుం నొప్పని ఇంటికి పోయి ఉంటావు. లేకపోతే అంత ముఖ్యమైన రోజున అక్కడ లేకపోవడమేమిటి? పై ఆఫీసరు వస్తున్నాడని ఏడు నెలల ముందే తెలుసు. ఎదురుగా నిలబడి, అయ్యా లోపల గింజలున్నాయి, ఇంకో ఏడాది గడువియ్యండి అని అడిగే నోరు లేదా? ఇక్కడ నేను నోరు తెరిచి అడిగి మూడు నెలలు ఉప్పునీళ్ళు తాగేను. నువ్వు గట్టు దాకా నడవలేకపోయేవు. బావ పేరు చెప్పుకునే నేలని నోరు మూసుకుని వీర్రాజు చేతిలో పెట్టేవు.

జ్ఞానమ్మత్త మాట ఒక్కటీ రాయలేదు. రోజూ పోసే కడవ మానమన్నానని ఆవిడకి నా మీద కోపమా? కోపమైతే ఆవిణ్ణే చెప్పమను. ఆవిడైనా నిజం చెబుతుంది.

కృపారావు


మన పేట,
3 మే 1983

కృపా,

మా అత్త ఇంక చెప్పలేదు. నేనే చెబుతాను. నువ్వు దూరాన ఒంటరిగా ఉన్నావని దాచేను. ఇంక దాచను.

ఫిబ్రవరి తొమ్మిది, బుధవారం. నువ్వు చెప్పిన గడువుకి ఒక రోజు ముందే మొదలెట్టేం. తెల్లారకుండా లేచి గంజి తాగేం. ఆవిణ్ణి వద్దన్నాను. "నీకు డెబ్భై కడవలు, నాకు అరవై. కృపాడు లెక్క రాసేడు, ఒక్క రోజులో అవ్వాలన్నాడు" అంది. కడవకొక గవ్వ గట్టు మీద పెట్టుకుంటూ వచ్చేం. మధ్యాహ్నానికి ఆవిడ అడుగు తడబడడం చూసేను. కూచోమంటే, "నేను కూచుంటే నేల ఆరిపోతుందే" అంది. అదీ నువ్వు రాసిందే.

మురుగుకాలవ మీద తాటిదుంగ గుర్తుందా? రోజంతా మా కడవలు తొణికి తొణికి దుంగ నున్నగా తడిసిపోయింది. తొంభై రెండో కడవతో ఆవిడ దాని మీద జారింది. గట్టు మీద తొంభై ఒక్క గవ్వలున్నాయి.

తుంటి విరిగింది. అమలాపురం ఆసుపత్రిలో, ఈ వయసులో అతకదమ్మా, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇరవై అయిదు రోజులు మంచం మీద ఉంది. రోజూ ఒకటే అడిగేది, ఇంకా ఎన్ని మిగిలేయే అని. అన్నీ పోసేసేనత్తా, నూట ముప్పయ్యీ అయిపోయాయి అని చెప్పేను. "మొలిచిందా" అంది. "లేస్తోంది" అన్నాను. నేను పుట్టి బుద్ధెరిగి ఆడిన అబద్ధాలు ఆ రెండే.

మార్చి ఆరున పోయింది. ఏడున సమాధి చేసేం. ఆ పొద్దుటే ఆఫీసరూ కరణం గారూ నేల దగ్గరికొచ్చేరు. పెట్టె ఆ గట్టు మీదినుంచే వెళ్ళాలి కదా. కరణం గారు చెప్పులు విప్పి పక్కకి తప్పుకుని నిలబడ్డారట, పక్కింటి హన్నా వదిన చూసింది. పెట్టె దాటేక చెప్పులేసుకుని బీడు అని రాసేరట. ఆయన తప్పు రాయలేదు. అక్కడున్నది బీడే.

నేను అక్కడెందుకు లేనని అడిగేవు. అందుకని లేను.

నీ లెక్క తప్పని నేననడం లేదు. నీ లెక్కలో మోసేవాళ్ళ వయసు లేదు, అంతే.

సువర్ణ


దేవీకోట్ క్యాంపు,
21 ఆగస్టు 1983

అక్కా,

మూడు నెలల్లో పదకొండు ఉత్తరాలు రాసి చించేను. ఇది కూడా చించేలోపల పోస్టు చెయ్యమని భూరారాంకి ఇస్తున్నాను.

నిజం చెబుతాను. రాయకుండా ఊరుకోవచ్చు, నీకు ఎప్పటికీ తెలీదు. కానీ నువ్వు దాచకుండా రాసేవు కాబట్టి నేనూ దాచను. నా లెక్క కాగితం సోమేశ్వరరావు గారికి చూపించేను. చివరిదాకా చదివి, "ఇది మంచి నేలకి లెక్క కదోయ్" అన్నారు. ఉప్పెక్కిన నేలకి ముందు ఉప్పు దిగాలి, తరవాత గింజ పొట్టు కడగాలి. దానికి ఇంతకి నాలుగైదింతలు కావాలిట. ఆ అధ్యాయం నేను చదవలేదు. ఇంగ్లీషు కష్టంగా ఉందని పేజీలు దాటేసేను.

నూట ముప్పై పోసినా మొలిచేది కాదు. ఆవిడ పడకపోయినా మొలిచేది కాదు.

మోసేవాడి నొప్పి తెలీదని ఆఫీసర్లని నాలుగేళ్ళుగా తిడుతున్నాను. గుడారంలో కూచుని, కాగితం మీద కడవలు లెక్కపెట్టి, ఒక ముసలావిడ నెత్తిన పెట్టినవాడు ఎవడు? నా పేరు ఇంకుతో రాసుకోవాలంటే ఆ ఆఫీసర్ల పుస్తకంలోనే రాసుకోవాలి.

ఇక్కడ ఈ ఏడు వాన బాగా పడింది. పూసింది. దాని మీదుగా కేబులు లాక్కుంటూ పోయేను. వంగి చూడబుద్ధి కాలేదు.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

కృపారావు


మన పేట,
19 ఫిబ్రవరి 1984

ఒరేయ్ కృపా,

రాయకపోయినా ఫరవాలేదంటే ఊరుకోడానికి నేనేం నీ గింజనా, ఏళ్ళ తరబడి లోపలే దాక్కోడానికి. నీ ఉత్తరం అందినప్పుడు చెయ్యి రాలేదు, నిజమే. ఇప్పుడు రాయాల్సిన సంగతులున్నాయి.

అక్టోబరులో నాలుగు రోజులు ఏకధాటిగా కురిసింది. మన ముక్క, మన ముక్క అంటున్నాను, వీర్రాజు గారి లీజు ముక్క, మోకాలి లోతు మునిగింది. నీళ్ళు తీసేసరికి ఆ తెలుపు లేదు. ఇసుక ఇసుక రంగులో ఉంది. నవంబరు నెల్లో పచ్చగా ఈనింది. క్రిస్మసుకి ఊదారంగు. నువ్వు రాసిన ఊదారంగేనో కాదో నాకు తెలీదు, ఇదివరకు నేనెప్పుడూ ఆ పువ్వు చూడలేదు. నీ సేవణ్ గడ్డి గాలికి తల వాలుస్తోంది. పల్లేరు సంగతి చెప్పక్కర్లేదు. పేటలో పిల్లలు, తోటల వాళ్ళు కూడా వచ్చి గట్టు మీద నిలబడి చూసి వెళ్ళేవారు. ఇదేం పంట అని ఒకళ్ళూ అడగలేదు. అందరికీ తెలుసు.

జనవరిలో కరణాల ఉద్యోగాలు తీసేసేరు, నీకక్కడ తెలిసిందో లేదో. తరవాత ఒక రోజు శ్రీరామచంద్రమూర్తి గారు ఒక్కరే వచ్చేరు. చంకలో పుస్తకం లేకపోతే ఆయన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టున్నారు.

"ఇవేనా అమ్మా, లోపలున్నాయన్నవి" అన్నారు.

"ఆయ్, ఇవేనండి" అన్నాను.

"పుస్తకం అప్పజెప్పేసేను కదమ్మా" అన్నారు. గట్టు దిగి వెళ్ళిపోయేరు.

మొన్న వీర్రాజు గారు కొబ్బరిమొక్కలు దింపేరు. ముందు నేల బాగు చెయ్యాలని పేటలో అయిదుగురు ఆడవాళ్ళని కూలికి పిలిచేరు. నేనూ వెళ్ళేను. హన్నా వదిన నా చెయ్యి పట్టుకుని, "నీకు బుద్ధుందా, నీ పూలు నువ్వే పీకుతావా" అంది. నేను వెళ్ళకపోతే ఇంకెవరో పీకుతారు కదా. వాళ్ళకి అది కలుపు. నేను పీకితే వేరు ఎంత లోతుందో నాకు తెలుస్తుంది. కొన్ని మోచేతి దాకా ఉన్నాయిరా. పైన చూస్తే జానెడు మొక్క.

ఇంకోటి. గట్టు పక్క మూల, ఆ తొంభై ఒక్క కడవలు పోసిన చోట, మిగతా నేలకంటే వత్తుగా మొలిచింది. మేం చల్లింది నేలంతా ఒకే తీరు. అక్కడ మాత్రం చెయ్యి దూరనంత వత్తు. నూట ముప్పై పోసినా మొలిచేది కాదని రాసేవు. మొలవకపోవచ్చు. కానీ ఉప్పు కొంత ముందే దిగి ఉంటుందా? నువ్వు దాటేసిన పేజీల్లో ఉందేమో చూడు. చదివేక రాయి. ఈసారి పేజీలు దాటెయ్యకు.

ఆ మూల నేనే పీకేను, ఎవర్నీ రానివ్వలేదు.

సాయంత్రం గుమ్మంలో కూచుని పాదాల్లోంచి పిన్నీసుతో పల్లేరు తీసుకున్నాను. రెండు పాదాలకీ కలిపి పద్నాలుగు ముక్కలు. నెత్తురు కడుక్కుని, వాటిని పొయ్యిలో వెయ్యకుండా ఆరబెట్టేను. ఈ పొద్దుట సముద్రం వైపు సమాధులకి వెళ్ళి, మా అత్త తల దగ్గర ఇసకలో ఏడు ముక్కలు వేలితో లోపలికి నొక్కేను. మిగతా ఏడూ పౌడరు డబ్బాలో దాచేను. ఉన్నదంతా ఒకేసారి తడపకూడదు.

నీళ్ళు పొయ్యలేదు. ఇంక మొయ్యడం లేదు. పడితే వానే పడాలి.

మీ అక్క సువర్ణ